నరానికి తొడుగు కట్టే కణాలు – స్టెరాయిడ్ల పాత్ర



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాసివ్వమని వార్డెన్ సార్ అడిగినప్పుడు, బై.పి.సి. చదువుతున్న మేము నలుగురం కూర్చుని ఆలోచించాము. అంతరిక్షం గురించి రాద్దామని ఒకరు, కంప్యూటర్ల గురించి రాద్దామని ఒకరు అన్నారు. చివరికి మన మీర్‌పేట్ హాస్టల్‌లో, మన గదిలోనే జరిగిన ఒక సంగతి గుర్తుకు వచ్చి ఈ అంశాన్ని ఎంచుకున్నాము.

మాలో ఒకడికి మోచేతి పైన పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. దురద లేదు, నొప్పి లేదు. అందుకే వాడూ పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. ఎవరో చెబితే మందుల షాపులో ఒక ట్యూబు కొని రాసుకున్నాడు. కొన్ని నెలలకు చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. రికార్డు రాస్తుంటే పెన్ను జారిపోయేది. "నిద్రలో చెయ్యి కింద పెట్టుకుని పడుకుని ఉంటావురా" అని నవ్వాము. అది కుష్ఠు వ్యాధి అని తెలిసిన రోజున మాత్రం ఎవరం నవ్వలేదు. వాడి కంచం వేరుగా పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాము. ఆ తప్పు మాది. దాన్ని దిద్దుకోవడానికే ఈ విషయాలన్నీ చదివాము. వాడి అనుమతితోనే రాస్తున్నాము, పేరు మాత్రం రాయడం లేదు.

నరం అంటే ఏమిటి?

పదో తరగతి జీవశాస్త్రంలో నాడీకణం బొమ్మ మనమందరం వేసినదే. కణదేహం నుంచి పొడవుగా సాగే తోకను తంత్రికాక్షం అంటాము. వెన్నుపాము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా పోయే తంత్రికాక్షం పొడవు ఒక మీటరు వరకు ఉంటుంది. దీని మీద చుట్టి ఉండే కొవ్వు పొరల తొడుగే మయలిన్. ఈ పేరును 1854లో జర్మనీ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో పెట్టాడు.

కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే నరం మీద మయలిన్ ఉంటుంది అని సార్లు చెబుతారు. ఆ పోలిక సగమే సరిపోతుంది. వైరు తొడుగుకు మధ్యలో ఖాళీలు ఉండవు. మయలిన్ తొడుగు మాత్రం పూసల దండలాగా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ముక్కకూ ముక్కకూ మధ్య ఉండే సన్నని ఖాళీలే రాన్వియర్ కణుపులు. వార్త ఒక కణుపు నుంచి మరో కణుపుకు దూకుతూ పోతుంది. అందుకే అంత వేగం. తొడుగు లేని సన్నని నరపోగులో వార్త సెకనుకు సుమారు ఒక మీటరు మాత్రమే నడుస్తుంది. మందమైన తొడుగు ఉన్న పోగులో సెకనుకు 100 మీటర్ల వరకు పరుగెత్తుతుంది.

ఈ తేడా మనందరికీ అనుభవమే. చీకట్లో కాలివేలు గడపకు తగిలితే ముందుగా చురుక్కుమంటుంది. ఒక క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. ముందు వచ్చిన చురుకు పలుచని తొడుగు ఉన్న పోగుల ద్వారా వచ్చింది. వెనుక వచ్చిన సలుపు తొడుగు లేని పోగుల ద్వారా నెమ్మదిగా వచ్చింది. దెబ్బ ఒకటే, కబురు మాత్రం రెండుసార్లు అందింది.

తొడుగు కట్టేది ఎవరు?

ఈ తొడుగును నాడీకణం తనంతట తాను కట్టుకోలేదు. దాన్ని కట్టేవి సహాయక కణాలు. మెదడులో, వెన్నుపాములో ఆ పని చేసే కణాలు వేరు. చేతులు, కాళ్ళు, ముఖంలోని నరాలకు మాత్రం ష్వాన్ కణాలు తొడుగు కడతాయి. థియోడోర్ ష్వాన్ అనే జర్మనీ శాస్త్రవేత్త పేరు మీద వీటికి ఆ పేరు వచ్చింది. జంతువుల దేహమంతా కణాలతోనే నిర్మితమైందని 1839లో చాటిన ష్వాన్ ఆయనే.

ఒక్కొక్క ష్వాన్ కణం ఒకే తంత్రికాక్షంలో ఒకే ముక్కను పట్టుకుని, చాప చుట్టినట్లు దాని చుట్టూ పదుల చుట్లు తిరుగుతుంది. కణం లోపలి ద్రవం పక్కకు జరిగిపోయి, కొవ్వు, ప్రోటీన్లు ఉన్న పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ పొరలను అతికించి ఉంచే ప్రోటీన్లలో రెండింటి పేర్లు గుర్తుంచుకుందాం: పి జీరో, పి.ఎం.పి.22.

ష్వాన్ కణాల పని తొడుగు కట్టడంతో అయిపోదు. నరం తెగితే చెత్తను ఊడ్చేవి, కొత్త మొలకకు దారి చూపేవి, మళ్ళీ తొడుగు కట్టేవి అవే. తెగిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మోచేతి దగ్గర దెబ్బతిన్న నరం వేళ్ళ దాకా చేరాలంటే నెలలు పట్టేది అందుకే.

స్టెరాయిడ్ అంటే ఒకటి కాదు

స్టెరాయిడ్ అనగానే మనలో చాలామందికి జిమ్ములో కండలు పెంచడానికి వేసుకునే ఇంజెక్షన్లే గుర్తుకు వస్తాయి. నిజానికి స్టెరాయిడ్ అనేది ఒక పెద్ద కుటుంబం పేరు. నాలుగు వలయాలు అతుక్కుని ఉన్న ఒకే రకం అణు నిర్మాణం ఈ కుటుంబ లక్షణం. మన శరీరం వీటిని కొలెస్టరాల్ నుంచి తయారు చేసుకుంటుంది. ఈ వ్యాసానికి సంబంధించి మూడు రకాలను వేరుగా చూడాలి.

మొదటివి, కండలు పెంచేవి. పురుష హార్మోను టెస్టోస్టిరాన్‌ను పోలినవి. డాక్టరు చెప్పకుండా వాడితే గుండెకూ కాలేయానికీ హాని చేస్తాయి.

రెండవవి, వాపును అణచేవి. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి తయారు చేసే కార్టిసాల్ ఈ రకానిది. డాక్టర్లు రాసే ప్రెడ్నిసొలోన్ దానికి తమ్ముడి వంటిది.

మూడవవి, నాడీకణాల మీద, వాటి సహాయక కణాల మీద పనిచేసే నాడీ స్టెరాయిడ్లు. ప్రొజెస్టిరాన్, దాని నుంచి పుట్టే డైహైడ్రోప్రొజెస్టిరాన్, అల్లోప్రెగ్ననలోన్ ఇందులోకి వస్తాయి.

నరమే తయారు చేసుకునే స్టెరాయిడ్

హార్మోన్లను గ్రంథులు తయారు చేస్తాయి, రక్తం మోసుకుపోతుంది అని మనం చదువుకున్నాము. ఫ్రాన్సు శాస్త్రవేత్త ఎతియెన్ ఎమిల్ బోలియో బృందం 1981లో ఒక వింత గమనించింది. ఎలుకలకు అడ్రినల్ గ్రంథులూ బీజ గ్రంథులూ తీసివేసిన తరువాత కూడా వాటి మెదడులో ఒక రకం స్టెరాయిడ్ మిగిలే ఉంది. అంటే మెదడే దాన్ని తయారు చేసుకుంటోందన్న మాట. అప్పటి నుంచి న్యూరోస్టెరాయిడ్ అన్న మాట వాడుకలోకి వచ్చింది.

ఆ బృందమే 1995లో మరో అడుగు వేసింది. ఎలుక తొడ నరాన్ని ఒకచోట గడ్డకట్టించి దెబ్బతీశారు. అది మానుతున్న సమయంలో పరీక్షిస్తే నరంలో ప్రొజెస్టిరాన్ రక్తంలో కన్నా ఎక్కువగా ఉంది. దాన్ని తయారు చేస్తున్నది ష్వాన్ కణాలే. ప్రొజెస్టిరాన్ తయారీని ఒక మందుతో ఆపితే కొత్త మయలిన్ పలుచబడింది. ప్రొజెస్టిరాన్ బయటి నుంచి ఇస్తే మళ్ళీ మందంగా వచ్చింది. ప్రొజెస్టిరాన్ గర్భధారణకు సంబంధించిన ఆడవారి హార్మోను మాత్రమే అనుకునేవాళ్ళకు ఇది కొత్త సంగతి. అది మగవారి నరాలకూ అవసరమే.

ఆ తరువాత ఇటలీలోని మిలాన్ శాస్త్రవేత్తలు ఇంకా లోతుకు వెళ్ళారు. డైహైడ్రోప్రొజెస్టిరాన్ వల్ల ష్వాన్ కణంలో పి జీరో తయారీ పెరుగుతుందనీ, అల్లోప్రెగ్ననలోన్ వల్ల పి.ఎం.పి.22 తయారీ పెరుగుతుందనీ చూపారు. రెండు స్టెరాయిడ్లు రెండు వేర్వేరు తలుపులు తడతాయి. మొదటిది కణంలోపలికి వెళ్ళి జన్యువుల దగ్గర పనిచేస్తుంది. రెండవది కణం పైపొర మీద ఉండే గాబా అనే గ్రాహకం ద్వారా పనిచేస్తుంది. ఇక 1998లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో, గాజు పాత్రలో నాడీకణాలతో కలిపి పెంచిన ష్వాన్ కణాలకు ప్రొజెస్టిరాన్ గానీ కార్టిసాల్ జాతి స్టెరాయిడ్ గానీ అందిస్తే మయలిన్ కట్టడం త్వరగా మొదలైంది, వేగమూ పెరిగింది.

ఎక్కువైతే మేలా?

ఇంత మంచిదైతే అందరికీ ఇచ్చేస్తే పోదా అని మాకూ అనిపించింది. రెండు ఉదాహరణలు మా కళ్ళు తెరిపించాయి.

షార్కో మేరీ టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు ఉంది. అందులో ఎక్కువగా కనిపించే రకానికి కారణం, 17వ క్రోమోజోము మీద పి.ఎం.పి.22 జన్యువు ఒక ప్రతి ఎక్కువగా ఉండడం. ఆ ప్రోటీను ఎక్కువైనందుకే తొడుగు చెడిపోతుంది. ఆ జబ్బు ఉన్న ఎలుకలకు ప్రొజెస్టిరాన్ ఇస్తే జబ్బు ముదిరిందనీ, ప్రొజెస్టిరాన్‌ను అడ్డుకునే మందు ఇస్తే మెరుగుపడిందనీ 2003లో జర్మనీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. పప్పులో ఉప్పు లాంటిదే ఇదీ. తగ్గినా చెడుతుంది, ఎక్కువైనా చెడుతుంది.

రెండవది, తలకు బలమైన దెబ్బ తగిలినవారికి ప్రొజెస్టిరాన్ ఇస్తే మెదడు కోలుకుంటుందని ఎలుకల మీద ప్రయోగాలు చెప్పాయి. మనుషుల మీద జరిపిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. రెండింటిలోనూ ఉపయోగం కనిపించలేదు. గాజు పాత్రలో నెగ్గినది, ఎలుకలో నెగ్గినది మనిషిలో నెగ్గాలని నియమం లేదు.

ష్వాన్ కణంలో దాక్కునే క్రిమి

ఇప్పుడు మన మిత్రుడి చేతి దగ్గరకు వద్దాము. కుష్ఠు వ్యాధికి కారణం మైకోబ్యాక్టీరియం లెప్రే అనే బాక్టీరియా. 1873లో నార్వే డాక్టరు గెర్హార్డ్ హాన్సెన్ దీన్ని కనుగొన్నాడు. అది రెండింతలు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందుకే జబ్బు బయటపడడానికి ఏళ్ళు పడుతుంది. దానికి శరీరంలో చల్లని చోట్లంటే ఇష్టం: చర్మం, చర్మానికి దగ్గరగా పోయే నరాలు. ఆ నరాల్లో అది కాపురం పెట్టేది సరిగ్గా ష్వాన్ కణాల్లోనే. తొడుగు కట్టే మేస్త్రీ ఇంట్లోనే దొంగ దూరాడన్న మాట.

అమెరికాలో అనుర రాంబుక్కన బృందం ఈ దారిని వివరించింది. క్రిమి పైపొరలోని ఒక కొవ్వు పదార్థం ష్వాన్ కణం చుట్టూ ఉండే పొరను పట్టుకుంటుంది. కేవలం ఆ తాకిడికే మయలిన్ ఊడిపోవచ్చునని 2002లో వారు చూపారు. జీబ్రా చేపల మీద 2017లో మరో బృందం చేసిన పరిశోధనలో, క్రిమిని పట్టుకోవడానికి వచ్చిన మన రక్షణ కణాలే నరాన్ని దెబ్బతీస్తున్నాయని తేలింది. పొలంలో పందిని తరమబోయి పైరు తొక్కినట్లు అవుతుంది.

మన రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా క్రిమి మీద విరుచుకుపడితే నరం వాస్తుంది. దీన్ని డాక్టర్లు రియాక్షన్ అంటారు. మోచేతి వెనుక ఎముకకు తగిలితే జిల్లుమనే చోటు ఉంది కదా, అక్కడి నుంచి పోయే అల్నార్ నరం చిటికెన వేలికి, దాని పక్క వేలి సగానికి స్పర్శను ఇస్తుంది. ఇరుకు సందులో ఆ నరం వాస్తే లోపలి పోగులు నలిగిపోతాయి. మన వాడి పెన్ను జారిపోవడానికి కారణం అదే.

రెండు మందులు, రెండు పనులు

ఇక్కడ చాలామంది పొరపడతారు. క్రిమిని చంపే మందు వేరు, నరాన్ని కాపాడే మందు వేరు.

క్రిమిని చంపేది బహుళ ఔషధ చికిత్స. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అనే మందులను కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించింది. మచ్చలు తక్కువైతే 6 నెలలు, ఎక్కువైతే 12 నెలలు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. కంచం వేరు పెట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

నరాన్ని కాపాడేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. ఇది క్రిమిని చంపదు. వాపును, రక్షణ వ్యవస్థ కోపాన్ని అణచి, నలుగుతున్న నరానికి ఊపిరి ఆడేలా చేస్తుంది. ఆ తరువాత తొడుగు కట్టవలసింది మళ్ళీ మన ష్వాన్ కణాలే. మన దేశంతో పాటు బంగ్లాదేశ్, నేపాల్, ఇండోనేషియాలలో జరిపిన పరీక్ష ఫలితం 2017లో వెలువడింది. కొత్తగా నరం దెబ్బతిన్నవారికి 20 వారాల ప్రెడ్నిసొలోన్, 32 వారాల ప్రెడ్నిసొలోన్ దాదాపు సమానంగా పనిచేశాయని తేలింది.

అయితే ఒక షరతు ఉంది. స్పర్శ గానీ పట్టు గానీ తగ్గి 6 నెలలు దాటకముందే మందు పడాలి. ఆలస్యమైతే పోగులే చచ్చిపోతాయి. తంత్రికాక్షమే లేనప్పుడు ష్వాన్ కణం దేనికి తొడుగు కట్టాలి? వేళ్ళు వంకరపోవడం, పాదం వాలిపోవడం, కన్ను మూతపడకపోవడం ఇవన్నీ ఆలస్యానికి చెల్లించే మూల్యం.

ప్రెడ్నిసొలోన్ సొంతంగా వాడకూడదు. ఎక్కువ కాలం వాడితే షుగరు, రక్తపోటు పెరగవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు, అణగి ఉన్న క్షయ లేవవచ్చు. హఠాత్తుగా మానితే అడ్రినల్ గ్రంథి వెంటనే కోలుకోక ప్రమాదం కావచ్చు. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. షాపులో దొరికే స్టెరాయిడ్ ట్యూబులు మచ్చ మీద రాయకూడదు. మచ్చ రూపు మారిపోయి అసలు జబ్బు గుర్తుపట్టడం కష్టమవుతుంది.

మన నేల మీద ఈ పోరాటం

ఈ జబ్బుతో మన తెలుగు నేలకు పాత పరిచయం. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. దానికి రాజా నర్సాగౌడ్ విరాళం ఇచ్చారు. హైదరాబాద్ మేయరుగా పనిచేసిన తొలి మహిళ రాణి కుముదినీ దేవి కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. మన జంట నగరాల పక్కనే చర్లపల్లిలో లెప్రా సంస్థకు చెందిన బ్లూ పీటర్ పరిశోధన కేంద్రం ఉంది. దానికి ఆ పేరు బ్రిటన్‌లోని ఒక పిల్లల టీవీ కార్యక్రమం నుంచి వచ్చింది. ఆ కార్యక్రమం చూసే పిల్లలు సేకరించిన డబ్బుతో అది ఏర్పడింది. మన వయసు పిల్లలు ఎక్కడో సముద్రాల అవతల చందాలు పోగుచేసి మన దగ్గర పరిశోధనకు పంపారంటే, పక్క మంచం మీద ఉన్నవాడి కోసం మనం ఏం చేయాలో ఆలోచించండి.

పదివేల మందికి ఒకరి కన్నా తక్కువ స్థాయికి జబ్బు తగ్గిందని మన దేశం 2005 డిసెంబరులో ప్రకటించుకుంది. తగ్గింది గానీ పోలేదు. 2023లో దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు నమోదయ్యాయి. ప్రపంచంలోని కొత్త కేసుల్లో సగానికి మించి మనవే.

మనం గమనించవలసినవి

1. పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ మీద స్పర్శ తగ్గితే అనుమానించాలి. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, దాని మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. బొల్లి అంటువ్యాధి కాదు.

2. వేళ్ళలో, అరికాళ్ళలో తిమ్మిర్లు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, వేడి గిన్నె తగిలి బొబ్బ వచ్చినా నొప్పి లేకపోవడం నిర్లక్ష్యం చేయకూడదు.

3. పెన్ను పట్టు, గుండీ పెట్టుకోవడం, నీళ్ళ బకెట్టు ఎత్తడం కష్టమైతే వెంటనే చెప్పాలి.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేస్తారు. ఊళ్ళో అయితే ఆశా కార్యకర్తకు చెప్పినా చాలు.

5. జబ్బు ఉన్నవాడితో కలిసి తినండి, కలిసి చదవండి. వందకు సుమారు 95 మందికి ఈ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది.

చివరి మాట

మన మిత్రుడు మందులు పూర్తి చేశాడు. పట్టు తిరిగి వచ్చింది. చిటికెన వేలి కొసన మాత్రం ఇప్పటికీ కొంచెం మొద్దుగా ఉందంటాడు. ఈ వ్యాసం మొదటి ప్రతిని చక్కగా తిరగరాసి ఇచ్చింది వాడే. మేము ఇంకో రెండు నెలలు నవ్వుతూ కూర్చుని ఉంటే ఆ రాత ఉండేది కాదు.

కంటికి కనిపించని ష్వాన్ కణం తాను ముందుకు రాదు, పేరు కోరదు. పక్కవాడిని చుట్టుకుని, దెబ్బ తగిలితే దారి చూపి, మళ్ళీ నిలబెడుతుంది. హాస్టల్‌లో మనం ఒకరికొకరం అలా ఉందాం. ఈ రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒక్క నిమిషం మీ చేతులు, కాళ్ళు, వీపు చూసుకోండి. వీపు మీకు కనిపించదు కనుక పక్కవాడిని చూడమనండి. మచ్చ కనబడితే దాచకండి, రేపే చెప్పండి.